బోరుకు కట్టిన తీగ

మొన్న కడపలో మేముంటున్న ఇంటికి సోలార్ పలకలు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పెరట్లో ఎర్తు గుంత తవ్వాడు. అందులో బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, "రెండు బకెట్లు నీళ్లు పోయండి సార్, తడి లేకుంటే ఈ నేలలోకి కరెంటు దిగదు" అన్నాడు. నేను పోసిన నీళ్లు చప్పుడు చేసుకుంటూ ఇంకిపోయాయి. అతను టీ తాగి వెళ్లిపోయాక కూడా నేను ఆ గుంత పక్కనే నిలబడి ఉంటే, మా ఆవిడ వచ్చి ఏం పోగొట్టుకున్నారని అడిగింది. ఆమెకు తెలియని సంగతి కాదు. అయినా కొన్ని సంగతులు తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పుకోవడం కష్టం. తెలియనివాళ్లకు చెప్పడమే కాస్త తేలిక.

అప్పట్లో నేను కర్నూలు పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. కాలేజీ పెట్టినాయన పొలాలూ కాంట్రాక్టులూ ఉన్న కుటుంబం మనిషి. మేమంతా ఛైర్మన్‌గారనేవాళ్లం. చదువు తక్కువే గానీ కొత్త వస్తువు కనబడితే మాత్రం పసిపిల్లాడి సంబరం ఆయనకు. ఒకరోజు ఎవరో ఫోనులో ఒక వీడియో చూపించారట. నిలువు గొట్టానికి చుట్టిన రాగి తీగ, దాని నెత్తిన కిరీటంలా లోహపు చక్రం, ఆ చక్రం నుంచి గాలిలోకి వేళ్లు చాపుకుంటూ పాకే మెరుపులు. టెస్లా కాయిల్ అది. నన్ను పిలిపించి, "ఏమప్పా, మనం చేయలేమా? మనిషెత్తు మెరుపు రావల్ల. సైన్సు ప్రదర్శనకు వచ్చినోళ్లు నోరు తెరిచి చూడల్ల" అన్నాడు. చేసేద్దాం సార్ అన్నాను. బల్ల మీద పెట్టుకునేంత చిన్నది, జానెడు మెరుపు వచ్చేది, అంతకుముందే చేసి ఉన్నాను. జానెడుకూ మనిషెత్తుకూ తేడా కొలతలోనే ఉంటుందనుకున్నాను.

తీగ చుట్టడంతోనే మొదటి చిక్కు వచ్చింది. బోర్లలో దించే ప్లాస్టిక్ కేసింగు పైపు, నా భుజం దాకా వచ్చేది, తెచ్చాం. దాని మీద పూత ఉన్న సన్న రాగి తీగను పన్నెండు వందల చుట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, మధ్యలో వెంట్రుకంత సందు లేకుండా చుట్టాలి. ఒక్కచోట తీగ మీద తీగ ఎక్కినా అక్కడే నిప్పు దూకి మొత్తం కాలిపోతుంది. నా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు మూడుసార్లు చుట్టి మూడుసార్లు విప్పారు. అప్పుడు గుర్తొచ్చింది, కోడుమూరులో ఉండే మా మేనత్త.

మా మేనత్తకు మోటార్లు రివైండింగ్ చేసే, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టే షాపుంది. నిజానికి అది మా మామది. చక్కెర జబ్బుతో ఆయన చూపు మందగించాక, పక్కన కూర్చుని తీగ అందిస్తూ నేర్చుకున్న పని ఆమె చేతిలోకి వచ్చింది. రైతులు కాలిపోయిన బోరు మోటార్లు ఆటోల్లో వేసుకొచ్చి, "అక్కా, జల్దీ సూడక్కా, చేను ఎండిపోతాండాది" అంటూ గడపలో కూర్చునేవాళ్లు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. పలకరించినవాళ్లకు చూపుడువేలు లేస్తుంది, అంతే. మిగతా జవాబు మామ చెబుతాడు. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లు కూడా ఒకసారి, చుట్టడం పూర్తయ్యేదాకా కుంకుమ భరిణె పట్టుకుని వాకిట్లో నిలబడిపోయారని మా నాన్న చెప్పి నవ్వేవాడు.

ఆమె వచ్చి ఐదు రోజులు మా ఇంట్లో ఉంది. కాలేజీ షెడ్డులో పైపును ఇనుప కడ్డీకి గుచ్చి, చేత్తో తిప్పే ఏర్పాటు చేయించింది. మండే ఎండలు. మధ్యాహ్నం చుట్టిన చుట్లన్నీ మర్నాటి ఉదయానికి వదులైపోయేవి. మేం తీగను తిట్టుకుంటుంటే ఆమె పైపు మీద చెయ్యి వేసి చూసి, "తీగ తప్పు కాదు అల్లుడా. ఎండకు పైపు ఉబ్బుతాది, చల్లబడితే తగ్గుతాది. పొద్దన్నే చుట్టల్ల, ఎండెక్కితే నిలిపెయ్యల్ల" అంది. ఫిజిక్స్ పాఠం చెప్పే నాకు ఆ మాట తట్టలేదు. చుట్టడం అయ్యాక వార్నిష్ పూస్తే గాలికి లేచిన దుమ్మంతా దానికంటుకునేది. షెడ్డు చుట్టూ తడిపిన దుప్పట్లు కట్టించింది. చివరి చుట్టు ముగించి ముడి వేసినప్పుడు ఆ పైపు పట్టుచీర అంచులా మెరిసింది. ఆమె దాన్ని వేలితో నిమిరి, చేతులు కడుక్కుంది.

ఊరికి బయల్దేరుతూ ఒక మాట మాత్రం చెప్పింది. "దీనికి ఎర్తు ఏడ కడతావు?" గుంత తవ్విస్తానన్నాను. "తవ్వు. బోరు పైపుకు మాత్రం కట్టొద్దు. మా పక్క ఊర్లో మోటారు స్టార్టర్ ఎర్తు బోరుకు కట్టి, నీళ్లు తాగను పోయిన ఎద్దును సంపుకున్నారు. నీళ్ల కాడికి మనుషులు గూడ వస్తారు అల్లుడా."

తర్వాత నెల రోజులు ఆ యంత్రం నన్ను తిప్పలు పెట్టింది. కెపాసిటర్లు టపాకాయల్లా పేలాయి. మెరుపు పైకి లేవకుండా తీగ ఒంటి మీదే పాకితే, గొట్టాన్ని ఇటుకల మీద ఎత్తి కూర్చోబెట్టాం. అన్నీ సర్దినా మూరెడుకు మించి మెరుపు రాలేదు. అసలు లోపం నేలలో ఉంది. గొట్టానికి చుట్టిన తీగ అడుగు కొస నేలలోకి దిగాలి. నేల ఎంత బాగా పట్టుకుంటే పైన మెరుపు అంత పొడుగు. మా కాలేజీ నేల కిందేమో మోకాలి లోతు దాటితే బండ. రెండు చోట్ల తవ్వించి, ఉప్పూ బొగ్గూ వేసి, రోజూ డ్రమ్ము నీళ్లు పోయించాను. సాయంత్రానికి గుంత మళ్లీ పొడిబారేది.

ఆ గుంతలు తవ్వింది కోసిగి నుంచి వలస వచ్చి, కొత్త హాస్టల్ కట్టుబడిలో పనిచేస్తున్న ఒక అత్తాకోడళ్లు. కోడలికి ముప్పై ఏళ్లుంటాయి. గడ్డపార దెబ్బకు బండ పలికే తీరును బట్టి ఇంక దిగదని చెప్పేసేది. వాళ్ల రేకుల గుడిసెలకు కాలేజీ బోరు నుంచే నీళ్లు, అదీ రోజుకు ఒక గంట. నేను డ్రమ్ము పోయిస్తుంటే ఒకసారి, "ఈ గుంతకు దప్పిక తీరేదెప్పుడు సార్? మా బిందె ఒకటి నింపుకుంటే మా ఇంటికి రెండు పూటలొస్తాది" అంది నవ్వుతూనే. నేనూ నవ్వాను. ఆ వారంలోనే బోరు తగ్గిందని, గుంతలకు నీళ్లు ఆపమని ఛైర్మన్ చెప్పాడు. ప్రదర్శన నాలుగు రోజుల్లో ఉంది.

షెడ్డుకు ఇరవై అడుగుల దూరంలో ఆ బోరు కేసింగు. ఇనుపది, ఎంతో లోతుకు దిగినది. గుడిసెలవాళ్లు నీళ్లు పట్టుకునే ఇనుప కొళాయీ దానికే బిగించి ఉంది. ఒక్కసారి, పరీక్షకు మాత్రమే అనుకున్నాను. నీళ్ల గంట ఇంకా కాలేదు, ఎవరూ రారనుకున్నాను. విద్యార్థులను టీకి పంపి, నేనే క్లాంపు బిగించి తీగ కట్టాను. స్విచ్చి వేయగానే షెడ్డంతా ఊదారంగు వెలుగు. నా తల దాటి పోయింది మెరుపు. ఇన్నాళ్ల కష్టం ఫలించిందని గుండె పొంగిన ఆ క్షణంలోనే బయట బిందె పడిన చప్పుడూ, ఒక కేకా వినిపించాయి.

ఆ కోడలు కొళాయి గట్టు కింద పడి ఉంది. ముందుగా వచ్చి బిందె పెట్టుకుందామని కొళాయి పట్టుకుందట. మోచెయ్యి వంకరగా తిరిగి ఉంది. "కొళాయి కరిసింది సార్, కొళాయి కరిసింది" అంటోంది. నేను ఆమెను లేపడానికి వంగాను. అంతకన్నా ముందు ఏం చేశానో కూడా చెప్పాలి. స్విచ్చి ఆపి పరుగెత్తుతూ, దారిలో ఆగి, కేసింగుకు కట్టిన తీగ ఎవరి కంటా పడకుండా ఊడబీకాను.

ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఛైర్మన్ నన్ను పిలిచి, "తడి గచ్చు మీద జారిందంటాండారు. అంతే గదప్పా?" అని అడిగాడు. నా చేత అబద్ధం చెప్పించాలని అడిగింది కాదు. ఆయనకు నిజంగానే తెలియదు. "అంతే సార్" అన్నాను. రెండు అక్షరాలు ఎక్కువ పలకాల్సిన పని కూడా పడలేదు.

ప్రదర్శన రోజున ట్యాంకర్ తెప్పించి గుంతలు నింపారు. మొదటి నుంచీ అంత నీళ్లుంటే సరిపోయేదే. మా మేనత్త మామ చెయ్యి పట్టుకుని వచ్చింది. కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ కేసింగు మీద క్లాంపు గీసిన తాజా గీతలు చూసింది. వాచ్‌మన్‌ను అడిగితే, ఇక్కడే ఒకామె పడి చెయ్యి విరగ్గొట్టుకుందని చెప్పాడు. నన్ను పక్కకు పిలిచింది.

"బోరుకు కట్టినావా?"

"కట్టినా అత్తా. ఒక్కసారే."

"ఆమె యాడ ఉండాది?"

"ఊరికి పోయినారు."

"ఆమెతో చెప్పినావా?"

నేను షెడ్డు వైపు చూశాను. లోపల జనం చప్పట్లు మొదలయ్యాయి. తన చేతుల్తో చుట్టిన దాన్ని ఒక్కసారైనా చూడకుండా, ఆమె మామను నడిపించుకుంటూ బస్సుకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోను చేసేది. బాగోగులు అడిగేది కాదు. "పోయినావా?" అని ఒకటే మాట. పరీక్షలనో, ఒంట్లో బాగోలేదనో చెప్పేవాణ్ణి. సరే అని పెట్టేసేది. నాలుగు నెలలు గడిచాక ఒక ఉదయం తానే మా ఇంటి ముందు ఆటో దిగి, "పదా" అంది.

కోసిగిలో వాళ్ల ఇల్లు కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "ఆ మూర్ఛల ఆమెనా?" అని దారి చూపించారు. నాకు ఆ మాట అర్థం కాలేదు. ఇంటికి వెళ్లాకే తెలిసింది. కొళాయి కరిచిందని ఆమె చెబితే ఎవరూ నమ్మలేదు. నీళ్ల కొళాయి ఎలా కరుస్తుంది? మూర్ఛ వచ్చి పడిపోయి, మతి లేక అలా అంటోందని తేల్చారు. మెడలో తాయెత్తు కట్టారు. ఎప్పుడు పడిపోతుందోనన్న భయంతో మేస్త్రీలు పనికి పిలవడం మానేశారు. పొయ్యి దగ్గరికి కూడా ఒంటరిగా పోనివ్వడం లేదు. మోచెయ్యి సగమే చాపగలుగుతోంది.

ఆమె భర్త, అత్తగారు, ఇద్దరు పొరుగువాళ్లు ఉండగానే చెప్పాను. తీగ ఎక్కడ కట్టానో, ఎందుకు కట్టానో, ఎప్పుడు విప్పానో. మా మేనత్త పక్కనే ఉంది. నా బదులు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఆమె నన్ను తిట్టలేదు. నా వైపు చూడను కూడా లేదు. అత్తగారి వైపు తిరిగి, "ఇన్నావా? నాకేం రోగం ల్యా. నేను చెప్పలే? కరిసిందని చెప్పలే?" అంది. అదే మాట భర్తతో అంది, పొరుగామెతో అంది. తాయెత్తు తెంపి నేల మీద వేసింది. అప్పుడు ఏడ్చింది. ముసలామె కోడలి వంకర చేతిని ఒళ్లోకి తీసుకుంది. భర్త మాత్రం వాకిట్లోకి వచ్చి, "ఆ పొద్దే ఈ మాట చెప్పింటే నీ నోరు అరిగిపోతుండెనా సార్?" అన్నాడు.  

తర్వాత ఆమెను కర్నూలు తీసుకొచ్చి డాక్టరుకు చూపించాం. అతుక్కున్న ఎముక, ఇంక ఇంతే అన్నాడు. ఛైర్మన్‌కు జరిగింది రాసిచ్చాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఆ సాయంత్రమే కాయిల్ విప్పించేశాడు. ఆ ఏడాది చివర్లో నేను కడపకు మారాను. ఆమెకు మళ్లీ పనులు దొరుకుతున్నాయని తర్వాత తెలిసింది, బరువు మోయనక్కర్లేని పనులు. ఆలస్యమైనా చెప్పావు కదా అని మా ఆవిడ ఓదారుస్తుంది. కాదనను. కానీ ఆ నాలుగు నెలలూ ఒక మనిషి తన ఒంటికి జరిగింది ఎవరిచేతా నమ్మించలేని స్థితిలో బతికింది. నావి అయితే ఎలాగో గడిచిపోయాయి. ఆమెవి మాత్రం అలా గడిచి ఉండవు.