మర్నాడు పనికొచ్చింది కదా

మొదటి ట్రే పూర్తవకుండానే భీమవరం పక్క రొయ్యల షెడ్డంతా గుప్పుమంది. సూపర్‌వైజర్ ఫణీంద్ర వారం కిందట తనను ఐసుగదిలోకి పిలిచి, తలుపేసి పాడు చేశాడని నాలుగో బల్ల నాగశ్రీ యజమాని జగపతిరాజు గారి ముందు నిలబడి చెప్పేసింది.

"అంత జరిగితే మర్నాడు పనికెలా వచ్చిందే? నవ్వుతా ఒలిచింది కూడాను," అంది పక్క బల్ల కన్యక.

"ఫణీంద్రగారు మనల్ని అమ్మా అని తప్ప పిలవడు గదా," అంది వెనకనుంచి ఇంకొకామె.

నాలుగో బల్లకు పెద్ద బుల్లెమ్మ. ఒకప్పుడు వరి కోసిన చేను చెరువైపోయాక, ఈ షెడ్డులో రొయ్యలు ఒలవడానికి చేరింది. ఐసుకి వేళ్లు మొద్దుబారి, పొగలు కక్కే అన్నం కలిపినా వేడి తెలియదు. ఆమెకూ నమ్మబుద్ధి కాలేదు. పిల్ల మాట అబద్ధమైతే రేపు ఎప్పట్లాగే పనిచేసుకోవచ్చు. నిజమైతే తాను రోజూ దణ్ణం పెడుతున్నది ఎవరికో మళ్లీ ఆలోచించుకోవాలి. అంత పని ఎవరు నెత్తిన పెట్టుకుంటారు?

"గొడవ చల్లారేదాకా ఇంటికాడ ఉండమ్మా," అన్నారు రాజుగారు. "అయినా మర్నాడు పనికొచ్చావు గదా?"

నాగశ్రీ తిరిగి బుల్లెమ్మ వైపు చూసింది.

ఆ చూపుకి బుల్లెమ్మకి ఆ పొద్దు గుర్తొచ్చింది. షెడ్డులో బల్లకు ఆరుగురు. ఒకరు తగ్గితే ఆ పూట బల్ల మొత్తం ఇంటికే. ఆ మర్నాడు ముసుగుతన్ని పడుకున్న పిల్లను చెయ్యిపట్టి లేపింది ఎవరు? "జొరమైతే ఐసులో తగ్గుద్ది, లేవే," అని నవ్వించింది ఎవరు?

"నేనే ఈడ్చుకొచ్చానండి," అంది బుల్లెమ్మ. గొంతు షెడ్డు చివరిదాకా వినిపించింది. "అది రానంది. బల్ల పోద్దని లాక్కొచ్చాను. నవ్విందంటారా, నేను నవ్వించానండి."

"సర్లే, పనిలో కూర్చోండి."

"ఎలా కూర్చుంటామండి? దాన్ని ఇంటికి పంపేశారు గదా. ఒకరు తగ్గితే బల్ల మొత్తం ఇంటికే. మీ రూలేనండి."

మిగతా నలుగురూ లేచారు. వాళ్లను చూసి మూడో బల్ల లేచింది, తర్వాత రెండోది. "అందరూ పోతే నేనొక్కదాన్నీ ఎవరితో మాట్లాడను?" అని సణుగుతూ కన్యకా లేచింది. లారీ లోడు రొయ్యల కింద ఐసు కరిగి నీళ్లు కాలవ కట్టాయి. రాజుగారు ఆ నీళ్లకేసి చూసి, ఫణీంద్ర చేతిలోంచి షెడ్డు తాళాలు లాక్కుని గేటు చూపించారు. నమ్మి లాక్కున్నారని ఎవరూ మురిసిపోనక్కర్లేదు. రొయ్య మెత్తబడుతోంది, అంతే.

బల్లలన్నీ మళ్లీ కూర్చున్నాయి. నాలుగో బల్లకు ఇద్దరు తగ్గినా రూలు ఊసు ఎవరూ ఎత్తలేదు. బుల్లెమ్మ మాత్రం నాగశ్రీ రెక్క పట్టుకుని రోడ్డెక్కి ఆటో ఆపింది.

"స్టేషన్‌కి పద. అక్కడా మర్నాడు పనికెందుకెళ్లావనే అడుగుతారు. ఆ జవాబు నేను చెప్తాను."

"చేతులన్నా కడుక్కో పిన్నీ. రొయ్య కంపు."

"ఉండనీయవే. షెడ్డులోంచే వచ్చామని అదన్నా నమ్ముతారు."