జనరేటరుకు కట్టిన ఎర్ర అట్ట

కరెంటు పోతుందని ముందే ఒప్పేసుకుని బతికిన కాలం అది. భిలాయిలో స్టీలు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్ల వాళ్ళకి ఈ సంగతి అంతగా తెలియదు. వాళ్ళ ఇళ్ళలో ఫ్యాను ఆగితే ఫ్యానే పాడైందనుకునేవాళ్ళు. మేముండే క్యాంప్ 2లో మాత్రం ఫ్యాను తిరుగుతుంటే, ఇంకెంతసేపు తిరుగుతుందా అని దాని వంక చూస్తూ కూర్చునేవాళ్ళం. తొంభైల నడిమి రోజులు. నాకు ఇరవై ఏళ్ళు. మెకానికల్ డిప్లొమా ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూడడాన్నే ఒక ఉద్యోగంలా శ్రద్ధగా చేస్తుండేవాణ్ణి. ఇన్నేళ్ళ తర్వాత, పోయిన నెల మా పెదనాన్న కర్మకాండకి వచ్చినవాళ్ళంతా ఆయన మంచితనం గురించి ఒకే తరహాలో మాట్లాడి, భోంచేసి వెళ్ళారు. జనరేటరు సంగతి ఎవరూ ఎత్తలేదు. అది తెలిసినవాళ్ళలో మిగిలింది మా అత్తా, నేనూ. అత్త ఇప్పుడు ఎక్కువ మాట్లాడదు. అందుకని నేను రాస్తున్నాను.

అత్తంటే మా నాన్నకీ పెదనాన్నకీ ఒక్కగానొక్క చెల్లెలు. మావయ్య పోయాక కొన్నేళ్ళు ఇళ్ళల్లో వంటకి వెళ్ళింది. ఇంకొకరి వంటింట్లో, వాళ్ళు చెప్పినంత ఉప్పే వేస్తూ నిలబడడం ఆవిడకి చేతకాలేదు. ఒక గ్రైండరు పెట్టుకుని, ఇడ్లీ పిండీ దోసె పిండీ రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళతో నిండిన పేట మాది. పిండికి గిరాకీ ఉంది. లేనిదల్లా కరెంటు. అందుకని పెదనాన్న రిటైరవగానే రాయపూర్ వెళ్ళి ఒక పెట్రోలు జనరేటరు తెచ్చాడు. పెద్ద సూట్‌కేసంత ఉండేది. పైన ఎత్తడానికి పిడి, పక్కన లాగడానికి తాడు. ఒక్క మనిషే దాన్ని అలవోకగా మోసుకుపోతున్నట్టు పెట్టె మీద బొమ్మ వేశారు. ఆ బొమ్మలో మనిషికీ మా ఇంట్లో మనుషులకీ పోలిక లేదు. నేనూ పెదనాన్నా చెరోవైపు పట్టుకుని, మధ్యలో మూడుసార్లు దింపి, పెరట్లో రేకుల కింద పెట్టాం.

దాన్ని నడపడం నా పని. చదువుకున్నవాణ్ణని నాకిచ్చారు. దాంతో వచ్చిన పుస్తకాన్ని నేను పరీక్షకి చదివినట్టు చదివాను (పరీక్షలకి అంత చదవలేదు). రోజూ నూనె పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూడాలి. పెట్రోలు కాక్, అంటే ట్యాంకు కింద చిన్న కుళాయి, తిప్పాలి. చల్లగా ఉన్నప్పుడు చోక్ వెయ్యాలి. తాడు మెల్లగా లాగి, బిగువు తగిలాక ఒక్కసారి గట్టిగా గుంజాలి. ఇంజను అందుకున్నాక రెండు నిమిషాలు ఉత్తినే తిరగనిచ్చి, అప్పుడు గ్రైండరు స్విచ్చి వెయ్యాలి. ఆపేటప్పుడు ముందు గ్రైండరు ఆపి, తర్వాత కాక్ మూస్తే, గొట్టంలో మిగిలిన పెట్రోలు తాగి అదే ఆగుతుంది. వేడి మీద పెట్రోలు పొయ్యకూడదు. పొగ ఇంట్లోకి రాకుండా పొగగొట్టం మూతి గోడవతలకి ఉండాలి. ఇవన్నీ నేను ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి రాసేవాణ్ణి. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, ఎంత పెట్రోలు, ఎంత నూనె. చివర రిమార్కు అని ఇంకో గడి. అందులో రోజూ 'శబ్దం మామూలే' అని రాసేవాణ్ణి. పెదనాన్న సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని అది చదివి, కింద సంతకం పెట్టేవాడు. అత్త ఇద్దర్నీ చూసి, "ఇడ్లీ పిండికేట్రా ఇంత రాత" అనేది.

మా వీధిలో రిటైరైనవాళ్ళకి సొంత పేర్లు పోయి, పనిచేసిన చోటే పేరుగా మిగిలేది. మా ఇంటికి రోజూ వచ్చే ఇద్దరిలో ఒకాయన కోక్ ఓవెన్ బాబాయి, ఇంకొకాయన క్రేన్ బాబాయి. పెదనాన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముప్పై ఏళ్ళు చేశాడు. ఈ ముగ్గురూ కలిసి ఆ సూట్‌కేసు చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంటే, లోపల వందల టన్నుల ఇనుము కరుగుతోందేమో అనిపించేది. వాళ్ళు నన్ను ఎగతాళి చేసేవాళ్ళు కాదు. అదే కష్టం. నా నోటుపుస్తకాన్ని నిజంగా నమ్మారు.

ఆ ఏడు మే నెలలో అత్తకి ఉన్నవాళ్ళుండే నెహ్రూ నగర్ నుంచి మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక ఇంజనీరు గారింట్లో గృహప్రవేశం. ఆదివారం పొద్దున్న రెండు వందల మందికి ఇడ్లీ. ఆ ఇంటావిడ పిండి రుచి చూసి, "ఇది బావుంటే మా లైన్లో అందరికీ చెప్తానమ్మా, బాగోకపోతే ఏమనుకోకండి" అంది. అత్తకి ఆ రెండో మాటే చెవిలో ఉండిపోయింది. ఈ ఆర్డరు నిలబడితే నెహ్రూ నగర్ ఇళ్ళ బేరం దొరుకుతుంది. పాడైతే మళ్ళీ ఇంకొకరి వంటింట్లోకి పోవాలి. ఆవిడ శనివారం పొద్దున్న మినప్పప్పు మూడుసార్లు ఏరింది.

అదే శనివారం పొద్దున్న, నా నోటుపుస్తకం ప్రకారం, జనరేటరు తిరిగిన గంటలు పూర్తయి పెద్ద మరమ్మతు వేళ వచ్చిందని పెదనాన్న తేల్చాడు. ప్లాంటు భాషలో కేపిటల్ రిపేరు. అది బంగారంలా తిరుగుతోంది. "బాగుంది కదా పెదనాన్నా, సోమవారం చేద్దాం" అన్నాను. "బాగున్నప్పుడే చెయ్యాల్రా. పాడయ్యాక చేసీది రిపేరు కాదు, ఏడుపు" అన్నాడు. పాత నూనె దించాడు. ప్లగ్గు గీకాడు. గాలి జాలీ లోపలి స్పంజిని కిరసనాయిలులో పిండి ఆరేశాడు. పని మొదలెట్టే ముందే పెట్రోలు కాక్ మూసి, దానికి సుతిలితాడుతో ఒక ఎర్ర అట్టముక్క కట్టాడు. దాని మీద 'పని జరుగుతున్నది. తిప్పరాదు' అని రాసి, సంతకం, తేదీ, టైము వేశాడు.

ఆ అట్ట గురించి చెప్పాలి. ప్లాంటులో యంత్రం మీద మనిషి పనిలో ఉంటే దాని స్విచ్చుకో వాల్వుకో ఎర్ర ట్యాగు కడతారు. కట్టినవాడే విప్పాలి. ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా వేరేవాడు ముట్టుకోడు. పెదనాన్నకి ఇది ఉద్యోగంలో నేర్చుకున్న నియమం మాత్రమే కాదు. భిలాయి రాకముందు, పద్దెనిమిదేళ్ళ వయసులో, మా వైపు ఒక రైసుమిల్లులో బెల్టు సరిచేస్తుంటే, అక్కడ ఎవరూ లేరనుకుని ఎవరో మోటారు వేశారు. ఎడంచేతికి రెండు వేళ్ళు పోయాయి. "ఏసినోడు సెడ్డోడు కాడురా. మంచోడే. అడగనేదు, అంతే" అనేవాడు.

పదింటికి పెదనాన్న చేతులు కడుక్కుని, పాత స్నేహితుడి ఇంటి స్లాబు పోత ఉందని కుమ్హారి వెళ్ళాడు. అట్ట అలాగే ఉంది. ఒంటిగంటకి కరెంటు పోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు కాలిందనీ, రేపటిదాకా రాదనీ కబురొచ్చింది. గుండిగలో పప్పు పొద్దుట్నుంచీ నానుతోంది. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ.

"ఒరే, మిషను ఎయ్" అంది అత్త.

నేను పెరట్లోకి వెళ్ళి, అట్ట చూసి, బాబాయిలిద్దర్నీ పిలుచుకొచ్చాను. ఇద్దరూ వంగి, పైకి చదివారు. తర్వాత లేచి నిలబడ్డారు.

"నూనె పోసాడో లేదో" అన్నాడు కోక్ ఓవెన్ బాబాయి. "నూనె లేకండా తిప్పితే ఇంజను బిగిసి పట్టీస్తాది."

నేను పుల్ల తీసి చూశాను. "నిండా ఉంది బాబాయ్."

"ప్లగ్గు?"

"బిగించే ఉంది. జాలీ కూడా పెట్టేశాడు. అన్నీ అయిపోయాయి. అట్ట విప్పడం మర్చిపోయాడంతే."

"మర్సిపోయాడని నీకెలగ తెలుసు?" అన్నాడు క్రేన్ బాబాయి. "ఇంకేటో మిగిలుంటాది. ఆడి బుర్రలో ఉంటాది."

"ఏముంటుంది?"

"అది నాకు తెలిస్తే ఆడి ట్యాగెందుకు?"

కాక్ వేలెడంత పిడి. అరచుట్టు తిప్పితే చాలు. ముగ్గురు మగవాళ్ళం దాని ముందు నిలబడి, దాన్ని చూస్తూ, చెమటలు కారుస్తున్నాం. అత్త గుమ్మంలోంచి, "ఏటయింది" అని అడిగింది. "ట్యాగుంది" అన్నాడు కోక్ ఓవెన్ బాబాయి, ఇంట్లో శవం ఉందన్నంత నెమ్మదిగా. అత్త లోపలికెళ్ళింది. నేను సైకిలు తీశాను.

కుమ్హారి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. తలకి తడిపిన తువ్వాలు చుట్టి, జేబులో ఉల్లిపాయ వేసుకుని (వడదెబ్బకి మందని అక్కడి నమ్మకం) పెద్ద రోడ్డెక్కాను. లారీలు పోయినప్పుడల్లా వేడిగాలి మొహం మీద కొట్టేది. చరోదా దగ్గర నీళ్ళు తాగడానికి ఆగితే, టీ కొట్టు ముసలాయన "కహాఁ జాథస్ బాబూ, అతకా ఘామ మా" అన్నాడు, ఇంత ఎండలో ఎక్కడికని. యంత్రం ఒకటి ఆగింది, తిప్పడానికి మనిషిని తీసుకురావాలి అని హిందీలో చెప్పాను. "బడే ఇంజినీర్ హోహీ" అన్నాడాయన, పెద్ద ఇంజనీరై ఉంటాడని. అవునన్నాను. అరచుట్టు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

పెదనాన్న లుంగీ ఎగ్గట్టి స్లాబు పక్కన తట్టలు లెక్కచూస్తున్నాడు. నేను జరిగింది చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "తీసారేటి?"

"లేదు."

"ఎవులూ?"

"ఎవరూ ముట్టుకోలేదు."

ఆయన మొహంలో ఒక సంతోషం వచ్చింది. దాన్ని దాచడానికి మొహం తుడుచుకున్నాడు. "పని అయిపోనాదిరా. విప్పడం మర్సిపోనాను" అన్నాడు. మరైతే నేను వెళ్ళి విప్పనా అని అడిగాను. "నోటిమాట మీద ట్యాగు తియ్యకూడదు. పద" అన్నాడు. అలా ఎండలో ఖాళీగా తొక్కుకొచ్చిన దారిలో, ఇప్పుడు వెనక క్యారేజీ మీద ఒక నిండు మనిషిని పెట్టుకుని, ఎదురుగాలికి తిరిగి తొక్కాను. దారి పొడుగునా ఆయన ట్యాగుల గొప్పతనం చెప్పాడు. నేను ఊఁ కొట్టలేకపోయాను. ఊపిరే చాలడం లేదు.

మా వీధి మలుపు తిరగ్గానే జనరేటరు శబ్దం వినిపించింది. పెదనాన్న క్యారేజీ మీంచి దిగిపోయి నడిచాడు. పెరట్లో బాబాయిలిద్దరూ కుర్చీలు గోడవైపు తిప్పుకుని, జనరేటరుకి వీపులు పెట్టి కూర్చున్నారు.

"మేం సూడనేదు" అన్నాడు క్రేన్ బాబాయి, గోడతో చెప్తున్నట్టు. "వినబడింది గానీ, సూడనేదు."

అత్త గ్రైండరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతిదాకా పిండితో, రాయి పక్కన పప్పు తోస్తోంది. ఎర్ర అట్ట బట్టలారేసే తీగకి క్లిప్పు పెట్టి ఉంది. శుభ్రంగా, తడి తగలకుండా.

"ఎవులు తీసారు?" అన్నాడు పెదనాన్న.

"నానే అన్నియ్యా."

"రాసున్నది సూడనేదా?"

"సూసాను. తిప్పరాదని రాసావు. మూడయ్యేసరికి పప్పు వాసనకొచ్చీసింది. దానికీ ఓ ట్యాగు రాసిచ్చీ. ఆగుద్దేమో సూద్దాం."

పెదనాన్న జనరేటరు దగ్గర వంగి, పొగ రంగు చూశాడు, రేకు మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు. నా నోటుపుస్తకం తెప్పించుకుని రిమార్కు గడిలో 'ట్యాగు తీసినది చెల్లి' అని రాసి, ఆవిడ ముందు పెట్టాడు. అత్త చెయ్యి కడుక్కోకుండానే సంతకం చేసింది. తర్వాత రెండు రోజులు ఆయన చెల్లెలితో మాట్లాడలేదు. మూడోరోజు కాఫీ తాగుతూ, గోడవైపు చూస్తూ, "సోక్ ఏసే లాగావా?" అని అడిగాడు.

"సోకంటే ఏటి?"

"అందుకే మూడుసార్లు లాగాల్సొచ్చింది. గోడేపు కూకున్నోళ్ళు సెప్పారు" అని, లేచి వెళ్ళి ఆవిడకి చోక్ ఎలా వెయ్యాలో చూపించాడు.

ఇడ్లీలు బాగా వచ్చాయి. ఇంజనీరు గారి భార్య మాట నిలబెట్టుకుంది. అత్త మళ్ళీ ఇంకొకరి వంటింట్లోకి వెళ్ళలేదు. జనరేటరు ఇంకో ఆరేళ్ళు తిరిగింది. నా రాతలు చూసి కాదని ఇప్పుడు తెలుసు.

అత్త నన్ను మాత్రం వదల్లేదు. ఆ శనివారం సాయంత్రమే, నాకు మజ్జిగ ఇస్తూ, "ఆళ్ళంటే ముప్పై ఏళ్ళు సేసారు. నువ్వెన్నాళ్ళు సేసావురా ప్లాంటులో?" అంది. ఒక్కరోజూ చెయ్యలేదు. ఆ నియమం నన్ను కట్టెయ్యడానికి నాకప్పటికి ఉద్యోగం కూడా లేదు. తర్వాత వచ్చింది, వేరే ఊళ్ళో. ఇంకొన్నేళ్ళలో నేనూ రిటైరవుతాను. నా కింద పనిచేసే పిల్లలు నన్ను చాదస్తుడంటారని నాకు తెలుసు. అప్పుడప్పుడు ఆ ఎండలో, తడి ఆరిపోయిన తువ్వాలుతో సైకిలు తొక్కుతున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. రోడ్డుకి అడ్డంగా నిలబడి వాణ్ణి ఆపి, వెనక్కి పోరా, అరచుట్టు తిప్పెయ్, ఏమీ కాదు అని చెప్పాలనిపిస్తుంది. కానీ వాడు వినడు. ఒక కాలు నేలకి ఆనించి, మర్యాదగానే, "ఆ ట్యాగు మీరు కట్టారా అండీ?" అని అడుగుతాడు. లేదంటాను. తొక్కుకుంటూ వెళ్ళిపోతాడు.