రా అనే ఒక్క మాట

జొన్నరొట్టె అంచు పెనం మీద కాస్త మాడితే ఒక వాసన వస్తుంది. ఈ ఉదయం అనంతపురంలో మా వంటింట్లో ఆ వాసన రాగానే నా చేయి దానంతటదే ఆ అంచు తుంచి పక్కన పెట్టింది. ఇప్పుడు మా ఇంట్లో కుక్క లేదు. పిట్టగోడ మీదికి వచ్చే పిల్లి జొన్నరొట్టె ముట్టదు. అయినా ఆ ముక్కను నేను తినను. అది గుంతకల్లులో మా పక్కింటి ఎస్తేరమ్మ నేర్పిన అలవాటు. ఆమె దగ్గర నేను నేర్చుకున్న వాటిలో అదే చిన్నది.

పెళ్లైన కొత్తలో మేము గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా ఆయన గూడ్సు బండ్ల డ్రైవరు. ఎప్పుడు వస్తాడో, ఎప్పుడు పోతాడో ఆయనకే తెలిసేది కాదు. ఎస్తేరమ్మ భర్త ఊరికి దూరంగా ఒక రైల్వే గేటు దగ్గర పనిచేస్తూ చనిపోయాడు. ఆ తర్వాత ఆమెకు ఆఫీసులో ప్యూను ఉద్యోగం ఇచ్చారు. ఇంట్లో ఆమె, రెండు కుక్కలు, ఒక పిల్లి. గేటు బార్లా తెరిచి పెట్టినా ఆ కుక్కలు గడప దాటేవి కావు. ఆమె గొంతు పెంచి వాటి మీద అరిచినట్టు నేనెప్పుడూ వినలేదు. నాకు గొంతు పెంచడం తప్ప ఇంకోటి రాదు కాబట్టి అది వింతగా ఉండేది.

ఒంటరిగా తోచక నేనూ వీధిలోంచి ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాను. మా వైపు శనక్కాయల్ని బుడ్డలంటారు. అచ్చం ఆ పొట్టు రంగులో ఉన్నాడని వాడికి బుడ్డోడని పేరు పెట్టాను. ప్రేమకు లోటు చేయలేదు గానీ, నా నోటికి అదుపు లేదు. తినురా, పోరా, ఏంరా, పడుకోరా అంటూ రోజంతా వాడి మీదే పడి ఉండేదాన్ని. ఒకరోజు నా కొత్త చెప్పు నమిలేసి మంచం కింద దూరాడు. "రా నాన్నా, రా" అని తియ్యగా పిలిచి, తోకాడించుకుంటూ రాగానే చీపురుతో రెండు వాయించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. మర్నాటి నుంచి పిలిస్తే రావడం మానేశాడు.

నేను గింజుకోవడం చూసి ఎస్తేరమ్మ గోడ మీదుగా అడిగింది.

"ఏమమ్మా, పిలిచి కొట్టినావా?"

"చెప్పు కొరికినాడు పెద్దమ్మా. ఇప్పుడు పిలిస్తే రాడు. పొగరు."

"పొగరు కాదు. తినురా అంటావు, పోరా అంటావు, పిలిచేదానికీ రా అనే అంటావు. రమ్మంటాండావో పొమ్మంటాండావో వానికి ఎట్ల తెలియల్ల? సరే అని వస్తే చీపురు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పది దినాలు ఇంట్లో రా అనే మాటే వద్దు. ఆ తర్వాత పిలిచేదానికే దాన్ని వాడు. వస్తే రొట్టె తునక పెట్టు. వచ్చినోన్ని మాత్రం ఎప్పుడూ కొట్టాకు. తిట్టాలనుంటే నువ్వే లేచి వాని కాడికి పో."

తెలుగువాళ్ల నోటికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు. మా ఆయన, స్నేహితులు ఫోన్ చేస్తే "ఏంరా" అనకుండా మాట్లాడటం చేతకాక, ఫోన్ పట్టుకుని ఎండలో వీధి చివరిదాకా నడిచేవాడు. నేనైతే మొదటి రెండు రోజులు దాదాపు మూగదాన్నైపోయాను. మాట తగ్గేసరికి వాడిని చూడటం ఎక్కువైంది. ఎస్తేరమ్మ చూపించినట్టు సాయంత్రాలు వాడి చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో పిడుదులు వెతికేదాన్ని. సంగటిలో ఉప్పూ కారమూ లేకుండా మజ్జిగ పోసి చల్లార్చి పెట్టేదాన్ని. బయటికి తీసుకుపోయే ముందు నేల మీద నా అరచెయ్యి ఆనించి, కాలితే చెట్టునీడల వెంట నడిపించేదాన్ని. "మరి పిల్లిని ఎట్ల పిలవల్ల?" అని అడిగితే, "పిల్లిని పిలవరమ్మా, గిన్నె చప్పుడు చేసి ఊరకుండల్ల. దానికి బుద్ధి పుడితే వస్తాది" అంది.

పది రోజులయ్యాక రా అన్నాను. బుడ్డోడు దూరం నుంచే నా చేతుల వైపు చూశాడు. చీపురు లేదని నమ్మడానికి వాడికి ఇంకో నెల పట్టింది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం గేటు గడియ వేయడం మరిచాను. క్వార్టర్సు వెనకే పట్టాలు. ఉడతను తరుముతూ పోయిన బుడ్డోడు రెండు పట్టాల నడుమ నిలబడి కంకర వాసన చూస్తున్నాడు. మలుపు దగ్గర గూడ్సు కూత వేసింది. అరుస్తూ పరుగెత్తబోతుంటే, మధ్యాహ్నం అన్నానికని ఇంటికొచ్చిన ఎస్తేరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"అరవాకు. ఉరకాకు. దినామూ ఎట్ల పిలుస్తావో అట్లే పిలువు."

ఎలా వచ్చిందో గాని మామూలు గొంతే వచ్చింది. "బుడ్డోడా, రా."

వాడు తలెత్తాడు. ఒక్క క్షణం నా చేతుల వైపు చూశాడు. వచ్చేశాడు. వాడు మా కాళ్ల దగ్గరికి చేరాక బండి దడదడలాడుతూ పోయింది. ఆ భయానికి నాకు ఎక్కడలేని కోపం వచ్చి చెయ్యెత్తాను. ఎత్తిన చేతిలో ఎస్తేరమ్మ తన కొంగులోంచి రొట్టె అంచు తీసి పెట్టింది. ఏడుస్తూనే తినిపించాను.

బండి చప్పుడు దూరమయ్యాక ఆమె నేల మీద కూలబడింది. "రైలు గేటు కాడ ఉన్నప్పుడు మాకొక నల్ల కుక్క ఉండె. కోడిపిల్లను పట్టిందని పిలిచి కొట్టినా. మర్నాడు అది పట్టాల మీద ఉంటే, బండి వస్తాందని పిలిచినా. కొడతానేమో అని ఆడనే నిలబడింది" అంది.

ఆ సాయంత్రం నాకు మా నాయన గుర్తొచ్చాడు. చెడ్డవాడు కాదు, కష్టజీవి. కానీ ఆయన "ఇట్ల రా" అంటే చెంప మీద చెయ్యి పెట్టుకుని పోయేదాన్ని. మా అమ్మకు చెప్పుకున్నవి ఆయనకు ఒక్కటీ చెప్పుకోలేదు. నాకు కొట్టడం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

బుడ్డోడు ముసలివాడై, నా ఒళ్లోనే పోయాడు. ఎస్తేరమ్మ రిటైరై బత్తలపల్లెలో తమ్ముడి ఇంటికి చేరి, అక్కడే కన్నుమూసింది. ఆమె బతికుండగా ఈ మాట నోరారా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను: పెద్దమ్మా, నువ్వు నా కుక్కను మాత్రమే కాపాడలేదు.

పోయిన నెల మా అమ్మాయి, తొమ్మిదో తరగతి, లెక్కల పరీక్షలో తప్పి, ఆ కాగితం మీద నా సంతకం తనే పెట్టేసుకుంది. బడి నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ పెట్టేసేసరికి నా ఒళ్లంతా మండిపోతోంది. పిల్ల తన గదిలో ఉంది. కాసేపు ఆగాను. గొంతు మామూలైందని నమ్మకం కుదిరాక పిలిచాను, రోజూ అన్నానికి పిలిచినట్టే.

"పాపా, రా."

తలుపు తెరుచుకుంది. కాగితం రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. చెంప మీద చెయ్యి లేదు.