నాయన దగ్గు

ఎర్రగుంట్లలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఓబుళేశుకు గురువు యూట్యూబే. అక్కడ నేర్చిన కొత్త విద్యను తమ్ముడి పెళ్లి వీడియో మీద చూపించి, మంత్రాల మధ్య వినబడే నాయన దగ్గును ఆనవాలు లేకుండా తుడిచేశాడు. అసలు రికార్డింగున్న మెమరీ కార్డునేమో మరో పెళ్లికని ఖాళీ చేసేశాడు.

నాయన పోయాక అమ్మ ఆ వీడియో చూసింది.

"అన్నీ ఉండాయి గానీ, మీ నాయన దగ్గు యాడికి పోయెరా?"

పోయినదాన్ని తిరిగి తెచ్చే పాఠం ఎంత వెతికినా దొరకలేదు. ఉచితంగా శబ్దాలిచ్చే వెబ్‌సైట్లో మాత్రం ముసలివాళ్ల దగ్గులు కుప్పలుగా ఉన్నాయి. ఒక్కొక్కటే స్పీకర్లో పెట్టి విన్నాడు. ఏ ఒక్కటీ నాయనది కాదు.

ఇంతలో వంటింట్లోంచి అలవాటుగా అమ్మ కేక: "ఉండు, ఉడుకునీళ్లు తెస్తాండా!"

గ్లాసుతో గడప దాకా వచ్చి, ఆగిపోయింది.