ఎం.ఏ. పక్కన బ్రాకెట్

నిన్న పొద్దున ఊరి నుంచి తమ్ముడి ఫోన్. "అన్నా, రమీజక్క పోయింది."

"యాడికి?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను. అవతల ఏడుపు వినబడ్డాక గానీ అర్థం కాలేదు.

పెనుకొండలో మా పక్కింటి అక్క. ఎనభైల్లో ధర్మవరంలో టీచర్. రోజూ బస్సు. ఇంట్లో చంటిపిల్ల. వీటి మధ్య ప్రైవేటుగా ఎం.ఏ.

నేను ఎనిమిదిలోనే బడి మానేశాను. ఏ పనిలోనూ కుదురు లేదు. ఆ ఏడాది హిందూపురంలో బోర్డులు రాసే ఆయన దగ్గర ఉన్నాను.

ఎం.ఏ. మొదటి ఏడాదిని అప్పట్లో ప్రీవియస్ అనేవాళ్ళు. అక్క ఆ పరీక్షలు రాసి వచ్చిందో లేదో, వాళ్ళ నాయన సైకిల్ షాపు మూసి మరీ నా దగ్గరికొచ్చాడు. ఇంటి ముందు బోర్డు కావాలట. "రమీజా బేగం, ఎం.ఏ."

"ఇంకా ఫైనల్ ఉండాది గదా మామా?"

"రాస్తాది లేప్పా. నువ్వు రాయి."

రాశాను. ఎర్రక్షరాలు.

రిజల్ట్స్ వచ్చాయి. సగం పేపర్లు పోయాయి.

బోర్డు మాత్రం వీధి వీధంతా చదువుతోంది. దాన్ని నిజం చేయాలని అక్క పట్టు పట్టింది. పోయిన పేపర్లూ, ఫైనల్ పేపర్లూ అన్నీ ఒకేసారి రాస్తానంది. మనిషి సగమైపోయింది. ఒకరోజు బస్సులో నిలబడే కునుకు తీసి పడింది. నుదురు చిట్లింది.

"ఇంకోసారి ఇట్లయితే సదువు బందే" అనేసింది అత్త, అక్క వాళ్ళమ్మ.

ఆ ఆదివారం అక్క తలకు కట్టుతోనే నన్ను పిలిచింది.

"ఏమబ్బా, రంగు డబ్బా తీసుకురా. ఎం.ఏ. పక్కన బ్రాకెట్లో ప్రీవియస్ అని పెట్టు."

"మామ నన్ను సంపుతాడక్కా."

"నన్ను సంపుతాండేది ఆ బోర్డే గదప్పా! ఈ ఏడు పోయినవి మాత్రమే రాస్తా. ఫైనల్ తర్వాత సూసుకుందాం. అదీ సగం సగమే."

చోటు చాల్లేదు. ప్రీవియస్ చీమల బారులా వచ్చింది.

మామ వచ్చి చూశాడు. బోర్డుకు ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు.

"ఇదేందప్పా, కొంచెం పెద్దగా రాయకూడదా? ఎవురికి కనపడతాది?"

అక్క పకపకా నవ్వింది. ఎన్ని నెలలకో! నాకు ఊపిరి తిరిగొచ్చింది.

ఆ మధ్యాహ్నం పుస్తకాలు మూసి పడుకుంది. మామ ఇంటి ముందరి షాపులో సుత్తి పట్టలేదు. గంట కొట్టుకుంటూ పోయే సైకిళ్ళను కూడా కసిరాడు.

ఎం.ఏ. అయింది. ఆలస్యంగా. ఉద్యోగం నిలిచింది, మనిషి నిలిచింది.

నిన్న పోయేటప్పుడు బాధేం పడలేదట. అదొక్కటే నాకు ఊరట.

ఇంక తొందరేం లేదక్కా. నెమ్మదిగా పడుకో. అల్లా నిన్ను చల్లగా చూసుకోనీ.