గుర్రం దిగని నజీఫ్ ఆగా

నజీఫ్ ఆగా కూర్చోడు. సరయెవోలో రాగి పనివాళ్ల వీధిలో ముప్ఫై ఏళ్లుగా కాఫీ అంగడి నడుపుతున్నాను. కాఫీ తాగనివాణ్ణి చూశాను, తాగి వంక పెట్టినవాణ్ణి చూశాను, నిలబడి తాగేవాణ్ణి మాత్రం ఈయన్నొక్కణ్ణే చూశాను. మా ఊళ్లో కాఫీ అంటేనే కూర్చోవడం. చక్కెర బిళ్ల అంచు ముంచి కొరుక్కుంటూ, గిన్నె అడుగున మడ్డి చల్లారేదాకా కదలకపోవడం. ఈయన గిన్నె చేత్తో పట్టుకుని తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి తలుపు దాకా తిరుగుతూనే ఉంటాడు. కాలు కాలిన పిల్లి అయినా కాసేపటికి ఎక్కడో ఒకచోట పడుకుంటుంది. ఈయనకు ఆ బుద్ధి కూడా లేదు.

పుట్టుకతో ఇలా లేడు. ఒకప్పుడు అందరిలాగే తలుపు పక్క స్టూలు మీద కూర్చునేవాడు. బడిలో చరిత్ర చెప్పి చెప్పి రిటైరయ్యాడు. పదకొండేళ్ల క్రితం ఉన్నట్టుండి ఆ చరిత్ర తలకెక్కింది.

ఆయన చెప్పేది ఒకటే. ముస్లిం సామ్రాజ్యాలన్నీ గుర్రం మీద లేచాయి, దిండు మీద పడ్డాయి. డమాస్కస్ ఖలీఫాలు సింధు నుంచి స్పెయిన్ దాకా గెలిచి, తోటల్లో కూర్చున్నారు, పోయారు. ఆ వంశం ఊచకోతలో తప్పించుకున్న ఒక్క కుర్రాడు నది ఈది, ఎడారి దాటి, కొర్డోబాలో కొత్త రాజ్యం కట్టాడు. వాడి మునిమనవలు ఫౌంటెన్ పక్కన చేరగిలబడ్డారు. తర్వాత ఊరికో రాజు, రాజుకో దిండు. బాగ్దాదు కూర్చుని ఉండగానే మంగోలులు వచ్చి తలుపు తట్టారు.

"మరి మన ఉస్మానీ తుర్కుల సంగతో?" అని ఎదురంగడి రాగి పనివాడు ఇద్రీజ్ ఒకసారి అడగనే అడిగాడు.

"వియన్నా కోట ముందు రెండు నెలలు గుడారంలో కూర్చున్నారు. ఇప్పుడు నువ్వు కూర్చున్నట్టే."

ఇద్రీజ్‌కి కాఫీ పొలమారింది. అదీ నా బాధ. నేను అమ్మేదే కూర్చోవడం. ఈయన మోచెయ్యి తగిలి గిన్నెలు దొర్లుతాయి, ఈయన్ని చూసి చూసి గిరాకీలకు కళ్లు తిరుగుతాయి. మూడో సామ్రాజ్యం పడేసరికి సగం అంగడి ఖాళీ అవుతుంది.

మా ఇళ్లలో ఒక మర్యాద ఉంది. చుట్టానికి మొదటిది రమ్మనే కాఫీ, రెండోది కబుర్ల కాఫీ, మూడోది పొమ్మనే కాఫీ. మూడోది ముందుకొస్తే ఎవరూ నోరు విప్పక్కర్లేదు, చుట్టం చెప్పులు వెతుక్కుంటాడు. విసిగిపోయి ఆ మర్యాదను అంగడికి తెచ్చాను. ఆయన లోపల అడుగు పెట్టగానే పొమ్మనే కాఫీ చేతిలో పెట్టాను. తాగి, బాగా కుదిరిందన్నాడు.

"ఆగా, ఇది మూడోది," అన్నాను.

"మంచి పని చేశావు షాచిర్. మొదటి రెండింటితో కాలయాపన," అని సెల్జూక్ సుల్తానుల కథలోకి వెళ్లిపోయాడు.

ఆయన వచ్చిన పావుగంటకు జుల్ఫో వస్తాడు. జుల్ఫో ఒకప్పుడు ఈ బజారులో మూటలు మోసేవాడు. బీరువాను ఒక్కడే వీపున వేసుకుని కొండమీది వీధికి ఎక్కించిన మొనగాడు. మోకాలు పోయాక కర్ర పట్టుకుని మొదటిసారి వచ్చినరోజు, అంగడంతా లేచి నిలబడి చోటిచ్చింది. ఆయన గుమ్మంలోనే ఆగి, అందర్నీ ఒకసారి చూసి వెనక్కి తిరిగాడు. నెల రోజులు రాలేదు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని వాళ్లావిడ నా దగ్గర ఏడ్చింది. తర్వాత ఎందుకో మళ్లీ రావడం మొదలుపెట్టాడు. తలుపు పక్క స్టూలు మీద కూర్చుని, "ఇవాళ ఎవరు పడిపోయారు?" అని అడిగేవాడు.

నా అంగట్లో ఆరు స్టూళ్లే పడతాయి. ఏడోది వేస్తే తలుపు మూసుకోదు.

పోయిన శరత్కాలంలో నేనూ ఇద్రీజూ కలిసి ఒక కుట్ర పన్నాం. నజీఫ్ ఆగా రాగానే అందరం లేచి ఆయనతోబాటే తిరగాలి. ఆరు స్టూళ్లూ ఖాళీగా కనబడితే ఎంతటివాడైనా కూర్చోక చస్తాడా అని. తీరా ఆయన వచ్చాక ఐదుగురం లేచి, ఆ అగ్గిపెట్టెంత గదిలో ఒకరినొకరు తొక్కుకుంటూ తిరిగాం. ఆయన మొదట నవ్వాడు. అంతలో వీధి రాళ్ల మీద కర్ర చప్పుడు వినబడింది. ఆయన నవ్వు ఆపేశాడు.

"కూర్చోండి," అన్నాడు గొంతు తగ్గించి. "జుల్ఫో వస్తున్నాడు. తనని చూసి లేచారనుకుంటాడు. ఇంక జన్మలో రాడు."

కంగారులో నేనూ ఇద్రీజూ ఒకే స్టూలు మీద కూర్చోబోయి ఇద్దరం కింద పడి లేచాం. జుల్ఫో గుమ్మంలోకి వచ్చేశాడు. నిలబడి ఉన్న మమ్మల్నందర్నీ చూశాడు. కర్ర మెల్లగా వెనక్కి తిరగసాగింది.

"ఆలస్యంగా వచ్చావు జుల్ఫో," అన్నాడు నజీఫ్ ఆగా, ఏమీ జరగనట్టు. "వీళ్లంతా వియన్నా ముందు సైన్యం. సేనాపతి వేషానికి ఎవడూ దొరకడం లేదు. ఊరికే కూర్చునేవాడు కావాలి."

"ఓడిపోయినవాడేనా?"

"వాడే."

జుల్ఫో ఆలోచించాడు. "ఓడిపోవడానికైతే సరే," అని తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నాడు. మేం ఐదుగురం మధ్యాహ్నం దాకా నిలబడి వియన్నాను ముట్టడించాం. పిక్కలు పట్టేశాయి.

జుల్ఫో కోసం ఎవరూ లేవక్కర్లేకుండా పదకొండేళ్లుగా ఆ ఒక్క స్టూలు ఎలా ఖాళీగా ఉంటోందో అప్పుడు తెలిసింది. ఇంటికెళితే నజీఫ్ ఆగా సోఫా దిగడనీ, మంచినీళ్లు కూడా అక్కడికే తెప్పించుకుంటాడనీ వాళ్లావిడ తర్వాత చెప్పింది. అలాంటివాడికి పొమ్మనే కాఫీ పోసినందుకు సిగ్గుపడ్డాను.

మర్నాడు జుల్ఫో వెళ్లేటప్పుడు గుమ్మం దాకా సాగనంపాను. ఆయన అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగాడు.

"షాచిరూ, ఈ వీధి ఎక్కడం నా మోకాలికి నరకంరా. ఇంట్లోనే హాయి. కానీ నేను రాకపోతే ఆ స్టూలు మీద ఆయన కూర్చోవాల్సొస్తుంది. కూర్చుంటే చరిత్ర ఆగిపోతుంది. చరిత్ర చెప్పకపోతే ఆ మనిషి బతుకుతాడా? పాపం, నీ అంగట్లో నేను తప్ప వినేవాడెవడు?"

ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ నా అంగట్లో రమ్మనే కాఫీ ఒక్కటే. నాలుగోసారి అడిగినా సరే, అది మొదటిదే.