రెండు వందల ఎనభై గుర్రాల తొకుమారు

తొకుమారు పెద్దాయనకు లోకంలో ఉన్న అంకెలన్నిటిలోనూ ఒక్కటే నచ్చింది. రెండు వందల ఎనభై. ఏ బండికి ఎన్ని గుర్రాల బలం ఉందని అడిగినా ఆయన నోట వచ్చేది ఆ అంకే. బండి పాతదైనా కొత్తదైనా, పొగ కక్కుతున్నా పులిలా గర్జిస్తున్నా, జవాబు మారదు.

కమలాపళ్ళు తోలే ఒచికి ఆయన మొదటిసారి తగిలింది నడిదారిలో. తొంభై ఎనిమిదో సంవత్సరం నవంబరు. యవతహామా కొండల్లో కోసిన కమలాపళ్ళ పెట్టెలు నింపుకొని మత్సుయామా మార్కెట్టుకు పోతుంటే, సొరంగం నోటి దగ్గర అతని చిన్న ట్రక్కు నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఎదురుగా ఎండలో ముడిచిన గొడుగు చంకలో పెట్టుకొని ఒక ముసలాయన దిగి వస్తున్నాడు. చేతిలో కాగితం పొట్లం. అందులో వేడివేడి చేప వడలు.

"ఆగిందా?" అన్నాడు నములుతూ.

"ఆగింది."

"మంచి చోటే చూసుకుంది. ఇక్కడ సముద్రం బాగా కనబడుతుంది."

ముసలాయన వంగి, గొడుగు మొనతో బండి కింద ఎక్కడో రెండు దెబ్బలు వేశాడు. "తిప్పు" అన్నాడు. తిప్పితే ఇంజను బుద్ధిగా లేచింది.

"బతికించారు పెద్దాయనా! ముసలి బండి. యాభై గుర్రాలు కూడా ఉండవు."

"ఎవడన్నాడు? రెండు వందల ఎనభై."

"నా ట్రక్కుకా?"

"నీ ట్రక్కుకే. జరుగు." పిలవకుండానే ఎక్కి కూర్చుని, ఒక చేప వడ ఒచి చేతిలో పెట్టాడు.

ఈ అంకె పుట్టుక కొంచెం చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఆ దేశపు కార్ల కంపెనీలన్నీ తమలో తాము ఒక మాట అనుకున్నాయి. ఏ కారుకూ రెండు వందల ఎనభై గుర్రాలకు మించి బలం ఉందని బయటికి చెప్పకూడదని. లోపల ఎన్ని గుర్రాలు సకిలించినా కాగితం మీద మాత్రం రెండు వందల ఎనభయ్యే. పాతకాలపు రాజులు తమ సేనలను పదింతలు చేసి రాళ్ళ మీద చెక్కించుకున్నారు గానీ, ఉన్న గుర్రాలను దాచిపెట్టి తక్కువ చెప్పుకున్న రాజును నేనెక్కడా చదవలేదు. ఆ ఒప్పందం మీద తొకుమారు సంతకం లేదు. ఆయనను ఎవరూ పిలవనూ లేదు. అయినా దానిని నోములా పట్టింది మాత్రం ఆయనొక్కడే.

ఆయన నడిపేది కారు ఇంజన్లకు బలం పెంచే షెడ్డు. కమలాపళ్ళ పాత గిడ్డంగి అది. ఎన్నేళ్ళయినా గోడలకు తొక్కల వాసన పోలేదు. నేలలో రెండు రోలర్లు పాతి ఉండేవి. వెనక చక్రాలను వాటి మీదికి ఎక్కించి, కారును పట్టీలతో కట్టేసి, యాక్సిలరేటరు తొక్కితే బలం ఎంతో ముల్లు చూపిస్తుంది. ఆ ముల్లున్న డయలు గోడవైపు తిరిగి ఉంటుంది. దాని ముందు తొకుమారు నిలబడి చూస్తాడు. చూసి, తల ఊపి, చీటీ తీసి, ఎర్రసిరాలో అద్దిన కర్రముద్రను టపీమని కొడతాడు. ముద్ర మీద చెక్కి ఉన్నది ఏమిటో చెప్పక్కరలేదు.

ట్రక్కులో పోతూపోతూ ఒచి తన గుట్టు విప్పాడు. ఊళ్ళో ఎనిమిది మంది స్నేహితులు, ఎనిమిది కార్లు, ఆదివారం ఆదివారం సముద్రం ఒడ్డున పోగవడం. అందులో సిమెంటు కొట్టు సోగాకు అందరికంటే బలమైన కారు ఉంది, అంతకంటే బలమైన నోరు ఉంది. పదిహేనేళ్ళుగా ఒచిని పేరు పెట్టి పిలవలేదు.

"ఏమని పిలుస్తాడు?"

"కమలాపండు అని."

"పండు మంచిదే."

"మంచిదే గానీ, నలుగురిలో బాగుండదు. నాకు ఆరు వందల గుర్రాల కారు కావాలి పెద్దాయనా. జీవితంలో ఒక్కసారి వాడి నోరు మూతపడాలి. ఏ కారు కొనమంటారు? ఆర్ఎక్స్-సెవెన్?"

"రెండు వందల ఎనభై."

"సుప్రా?"

"రెండు వందల ఎనభై."

"స్కైలైన్?"

"అది నాలుగు చక్రాలతోనూ లాగుతుంది. నా దగ్గర రోలర్లు రెండే. మిగతా రెండు చక్రాలను మీ ఇంట్లో పెడతావా?"

"అయితే వీటిలో తేడా ఏముంది?"

"రంగు" అన్నాడు తొకుమారు, వేళ్ళు నాక్కుంటూ.

షెడ్డు దగ్గర దిగాక మాత్రం ఆయన గొంతు మారింది. మీ సందు వెడల్పెంత, ఎక్కుడు ఎంత, పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు అని వరసగా అడిగాడు. సందు ఇరుకు, ఎక్కుడు నిలువు, పక్క సీటు ఖాళీ అని తేలింది.

"ఆర్ఎక్స్-సెవెన్ తేలిక, సన్నం, మెలికల్లో పాములా పోతుంది. కానీ ఆ ఇంజనును చంటిపిల్లలా చూసుకోవాలి. నువ్వు చూస్తే ట్రక్కుకు నూనె మార్చి రెండేళ్ళయినవాడివి."

"మీకెలా తెలుసు?"

"వాసన. నీకు సుప్రా మేలు. బరువైనదే, కానీ ఇనప దిమ్మెలాంటి ఆరు సిలిండర్లు. నీ బద్ధకానికీ నీ కోపానికీ తట్టుకుంటుంది. ముందు బ్రేకులు, తరవాత క్లచ్చి, ఆ తరవాత రేడియేటరు. గుర్రాల సంగతి ఆఖరున."

"ఒక్క షరతు" అన్నాడు ఒచి. "నా చీటీ మీద ఆ ముద్ర వద్దు. అసలు అంకె రాయాలి. అది సోగా ముందు గోడకు అంటిస్తాను."

పదేళ్ళలో ఆ షరతు పెట్టిన ఎంతోమందిని ఆయన గొడుగుతో తరిమాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ రోజు ఏమనుకున్నాడో, "సరే. నువ్వు ఏ అంకె అడిగితే ఆ అంకె వేస్తాను" అన్నాడు.

చలికాలం నాలుగు నెలలూ ఒచి పళ్ళు దింపడం, షెడ్డులో వాలడం. పాత సుప్రా ఒకటి కొన్నారు. బ్రేకులు మారాయి, క్లచ్చి మారింది, ఇంజనుకు గాలి ఊదే పిడికిలంత టర్బో పోయి పుచ్చకాయంతది వచ్చింది. పని ఎంతవరకు వచ్చిందని అడిగితే, "రెండు వందల ఎనభై వంతులు" అనేవాడు పెద్దాయన. ఒచి అద్దం ముందు నిలబడి "ఆరు వందలు" అని పలకడం అలవాటు చేసుకున్నాడు. మరీ గర్వంగా కాదు, ఏదో మాటల్లో వచ్చినట్టు పలకాలి. అది అంత తేలిక కాదు.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఎనిమిది కార్లూ షెడ్డుకు వచ్చాయి. పట్టీలు కట్టే పని ఒచిది. అందుకని డయలు అతనికి కనబడుతుంది. మొదట సోగా కారు. ముల్లు అయిదు వందల పన్నెండు దగ్గర ఆగింది. సోగా కారు దిగి పరుగెత్తుకొచ్చి అది కళ్ళారా చూసుకున్నాడు. టపీమని ముద్ర పడింది.

"ఇది అన్యాయం పెద్దాయనా! నా కళ్ళతో చూశాను!"

"కళ్ళు కడుక్కో."

"ఒరేయ్ కమలాపండూ, నువ్వయినా చెప్పరా!"

తరవాతది మంగలి కమేదా కారు. కొట్టు తెరిచిన ఏడాది కొన్న కారు, ఇరవయ్యో ఏడు నడుస్తోంది. పెళ్ళిచూపులకు వెళ్ళింది అందులోనే. ఆ చూపుల్లో కుదిరిన ఫుసాయె ఇప్పటికీ ఎడమ సీట్లో, ఒళ్ళో అన్నం ముద్దల డబ్బాతో కూర్చుని ఉంటుంది. ఈసారి ఇంజను చచ్చిందని తేలితే కారును తుక్కుకు ఇచ్చేస్తానని కమేదా ఆమెకు మాట ఇచ్చి వచ్చాడు. ఇచ్చిన దగ్గరనుంచి ఇద్దరికీ నిద్ర లేదు.

"తొక్కనా?" అని అడిగాడు కమేదా లోపలినుంచి.

"భయమెందుకు, తొక్కు" అంది ఫుసాయె, తనే భయపడుతూ.

ఇంజను ఏడ్చింది, దగ్గింది, కడదాకా లాగింది. ముల్లు తొంభై ఆరు దగ్గర కూలబడింది. సోగా ఇంకా డయలు దగ్గరే ఉన్నాడు. చూశాడు, నోరు తెరిచాడు.

"తొంభై ఆ..."

తెరిచిన ఆ నోట్లోకి తొకుమారు చేప వడ ఒకటి నెట్టాడు. నెట్టి, సోగా కళ్ళలోకి ఒక్క క్షణం చూశాడు. షెడ్డులో రోలర్లు తిరిగి తిరిగి ఆగుతున్న చప్పుడు. సోగా మెల్లగా నమిలాడు. కారు వైపు చూశాడు. ఇంకా నమిలాడు.

"ఆ... ఆహా" అన్నాడు చివరికి. "వడ ఎంత బాగుంది!"

టపీమని ముద్ర పడింది. కమేదా చీటీని రెండు చేతులా అందుకున్నాడు. ఫుసాయె అతని భుజం మీదుగా చదివింది.

"రెండు వందల ఎనభయ్యా? అంటే సోగా గారి కారంత!"

"అంతేనమ్మా" అన్నాడు సోగా, నేల చూస్తూ. "నాదీ అదే."

కమేదా కారు పైకప్పును గుర్రం మెడ నిమిరినట్టు నిమిరాడు. ఫుసాయె డబ్బా మూత తీసి అందరికీ అన్నం ముద్దలు పంచడం మొదలుపెట్టింది. తుక్కు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒచి పట్టీ చేత్తో పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. పదేళ్ళుగా అయిదు వందలవాళ్ళను దించుతూ వచ్చింది ఎందుకో అప్పుడు అర్థమైంది. వాళ్ళను దించితే తప్ప తొంభై ఆరువాళ్ళను పైకెత్తడం కుదరదు. ఒక్క చీటీ మీద నిజం రాస్తే మిగతా చీటీలన్నీ అబద్ధాలైపోతాయి.

ఆఖరున అతని సుప్రా. ఆ మోతకు గోడలనుంచి పాత సున్నం రాలింది. ముల్లు ఎక్కింది, ఎక్కింది, ఆరు వందల పదకొండు దగ్గర నిలిచి వణికింది. తొకుమారు కర్రముద్ర పక్కన పెట్టి, జేబులోనుంచి కలం తీశాడు. ఆయన కలం పట్టుకోవడం ఎవరూ ఎరగరు.

"మాట ఇచ్చాను గదా. అడుగు, ఎంత వేయమంటావు?"

ఒచి నోటిదాకా వచ్చింది, నాలుగు నెలలు అద్దం ముందు పలికిన మాట. సోగా మొహం చూశాడు. పటం కట్టించి ఏ గోడకు తగిలించాలా అని చీటీని చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్న కమేదాను చూశాడు.

"రెండు వందల ఎనభై" అన్నాడు ఒచి.

తొకుమారు కలం జేబులో పెట్టేసుకున్నాడు. టపీమని ముద్ర పడింది. మామూలుకంటే కొంచెం గట్టిగానే పడిందేమో, ఎర్రసిరా ఒచి చొక్కా మీద చిందింది.

ఫుసాయె జాలిగా చూసింది. "అయ్యో ఒచి గారూ, చలికాలమంతా ఇంత కష్టపడి, ఆఖరికి మా ఆయన కారంతేనా?"

"అంతేనమ్మా. మీ ఆయనను అందుకునేసరికి నాలుగు నెలలు పట్టింది."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. అందరికంటే గట్టిగా సోగా నవ్వాడు. నవ్వి, "ఒచీ, ఇంకో ముద్ద తీసుకో" అన్నాడు. అన్నాక, తను ఏమని పిలిచాడో తనకే తెలిసి మొహం తిప్పుకున్నాడు.

పెద్దాయనకు ఒక ముద్ద ఇద్దామని ఒచి వెనక్కి తిరిగాడు. బల్ల మీద కర్రముద్ర ఉంది, ఖాళీ పొట్లం ఉంది. పెద్దాయన లేడు. ఒక్క మబ్బు తునకైనా లేని ఎండలో, గొడుగు చంకలో పెట్టుకొని, కమలాతోటల మధ్య సొరంగం దారిన అప్పటికే చాలా దూరం దిగిపోయాడు. అక్కడ ఇంకెవరి బండో ఆగి ఉంది.